మామగారి హెల్మెట్

తెల్లవారి పాలు పితికి వచ్చి, పక్కబట్టలు మడతపెడుతూ గుల్సున్ భర్త తలగడ ఎత్తి దులిపింది. తెల్లటి పొడి రాలింది. వారం రోజులుగా ఇదే వరస. మొదట చుండ్రనుకుంది. తర్వాత గొర్రెలకు నాకించే ఉప్పుదిమ్మల పొడి అనుకుంది. తాలాయ్ పశువుల డాక్టరు, ఒంటి మీద ఏదో ఒక పొడి లేకుండా ఇంటికొచ్చే మనిషి కాదు. ఈ రోజు మాత్రం వేళ్ళ మధ్య వేసి నలిపి చూసింది. జిడ్డుగా లేదు, కరగలేదు. ఎండిపోయిన బెండు నలిపినట్టు పొడిపొడిగా రాలిపోయింది.

అప్పుడు ఆమె చూపు గుమ్మం పక్క మేకు మీదికి వెళ్ళింది. అక్కడ మామగారి హెల్మెట్ వేలాడుతోంది.

ఆ హెల్మెట్ వయసు గుల్సున్ వయసుకి ఇంచుమించు సమానం. సోవియట్ కాలంలో మామగారు రాజధాని నుంచి కొనుక్కొచ్చుకున్నది. ఎర్ర రంగు వెలిసి గులాబీ రంగుకి దిగింది. చెవుల దగ్గర తోలు ముడతలు పడింది. గడ్డం కింది పట్టీ ఎప్పుడో తెగిపోతే గుర్రపు కళ్ళెం నుంచి కత్తిరించిన తోలుముక్క కుట్టారు. మామగారూ పశువుల డాక్టరే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల జైలోలన్నీ, అంటే వేసవికి మందల్ని తోలే మేత కొండలన్నీ, పక్కబుట్ట ఉన్న మోటారుబండి మీద తిరిగాడు. ఒక్క ఎముక విరగకుండా ఎనభై ఆరేళ్ళు బతికి, పోయిన శరదృతువులో మధ్యాహ్నం టీ తాగుతూ పోయాడు.

అలా నిండుగా బతికి పోయిన మనిషి వస్తువుని ఆ ఊళ్ళో ఎవరూ పారెయ్యరు. తెబెరిక్ అని పంచుకుంటారు. ఆయన ఆయుష్షు ఆ వస్తువుతో పాటు వస్తుందని నమ్మకం. నలభయ్యో రోజున చొక్కాలు, కోట్లు, చివరికి ఆయన రుమాలు కూడా ముక్కలు చేసి బంధువులు పట్టుకెళ్ళారు. హెల్మెట్ మాత్రం అత్తగారు ఉల్కాన్ ఎవరికీ ఇవ్వలేదు. తన రెండు చేతులతో కొడుకు తల మీద పెట్టింది. ఆ రోజు గుల్సున్ కూడా కళ్ళు తుడుచుకుంది. మామగారంటే ఆమెకు ప్రాణం. ఇప్పటికీ ఆయన పేరు నోటితో పలకదు.

కానీ గుల్సున్ ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుంది. డాక్టరు లేని ఊరు కనక కాన్పులు, కట్లు, కుట్లు అన్నీ ఆమే. మంచు కరిగి దారులు తెరుచుకున్నాయంటే చాలు, బండ్ల మీంచి పడ్డవాళ్ళు వరసగా వస్తారు. ఒకడు హెల్మెట్ మోచేతికి తగిలించుకుని పడ్డాడు. మోచెయ్యి భేషుగ్గా ఉంది, తలకి పదకొండు కుట్లు. ఇంకొకడు పెళ్ళికి వెళ్తూ కొత్త టోపీ నలుగుతుందని హెల్మెట్ పెట్టుకోలేదట. అతన్ని జిల్లా ఆసుపత్రికి పంపించారు. తిరిగొచ్చాక అతను భార్య పేరు గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఇవన్నీ చూసి చూసి గుల్సున్ వసంతంలో బిష్కెక్ వెళ్ళినప్పుడు మొగుడికి కావలసినవన్నీ కొనుక్కొచ్చింది. నల్లటి కొత్త హెల్మెట్టు, భుజాలకీ మోచేతులకీ గట్టి దిళ్ళు కుట్టిన జాకెట్టు, మోకాళ్ళ కవచాలు, చేతితొడుగులు.

వాటి గతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. చేతితొడుగులు ఒక్కటే తాలాయ్ వాడాడు, అదీ పొద్దున చలికి. మోకాళ్ళ కవచాలు ఎనిమిదేళ్ళ కూతురు అయ్‌పెరీ తొడుక్కుని గచ్చు మీద పాకుతూ ఆడుకుంటోంది. జాకెట్టు పాకలో తల్లిలేని గొర్రెపిల్లకి పక్క అయింది. హెల్మెట్ పెట్టెలోంచి బయటికే రాలేదు.

టీ దగ్గర గుల్సున్ మెల్లగా ఎత్తుకుంది. ఆ హెల్మెట్ లోపలి బెండు పొడైపోతోందని, రోజూ తలగడ మీద రాలుతోందని, బయటి డిప్ప తప్ప లోపలేమీ మిగలలేదని చెప్పింది. తాలాయ్ రొట్టెకి మీగడ రాసుకుంటూ తల్లి వైపు చూశాడు. ఆ ఇంట్లో ఏ మాటకైనా అతను ముందు తల్లి వైపు చూస్తాడు. గుల్సున్‌కి పన్నెండేళ్ళుగా అలవాటైన చూపే అది. ఐనా ప్రతిసారీ కొంచెం నీరసం వస్తుంది.

ఉల్కాన్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి గానీ నోరు పట్టెయ్యలేదు. పొడి రాలితే దులుపుకోవాలి గానీ పెద్దవాళ్ళ వస్తువు పారేస్తామా అంది. మీ మామయ్య తలకి ముప్ఫై ఏళ్ళు రాలని పొడి నా కొడుకు తలకే రాలిందా అంది. చివరికి, "బజారు హెల్మెట్టు ఎవడు చేశాడో, ఎవడు అమ్మాడో. దాని వెనక ఎవరి ఆయుష్షుందమ్మాయ్?" అని అడిగింది. గుల్సున్ గిన్నెలు తీసుకుని లేచింది.

తాలాయ్ పాత హెల్మెట్ పెట్టుకుని, గొర్రెల టీకాల పెట్టె వెనక కట్టుకుని బండి ఎక్కాడు. గుమ్మం దగ్గర ఎవరూ వినకుండా పెళ్ళాంతో, అమ్మ బాధపడుతుంది, ఈ ఒక్క ఏడాదీ పోనీ అన్నాడు. గుల్సున్ తల ఊపింది. ఒప్పుకుని కాదు, వాదించే ఓపిక లేక.

ఆ మధ్యాహ్నమే జరిగింది. కనుమ దిగే మలుపులో గులకరాళ్ళ మీద బండి జారింది. పెద్ద వేగం కూడా లేదు. పాలడబ్బాలు దించుకొస్తున్న ట్రక్కువాళ్ళు చూసి, అతన్ని ఎక్కించుకుని సరాసరి ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. గుల్సున్ అప్పుడే చేతులు కడుక్కుని, పొద్దుటి నుంచి తాగని టీ ముందు కూర్చుంది. తలుపు తెరుచుకుని, ఒకవైపు ముఖమంతా రక్తంతో మొగుడు నిలబడేసరికి కప్పు పక్కన పెట్టి లేచింది. అరవలేదు. ఆమె చేతులు పనివాళ్ళ చేతులు, అవి ముందు పని చేస్తాయి.

స్పృహ ఉంది. పేరు చెప్పాడు, తేదీ చెప్పాడు, వాంతి లేదు, కంటిపాపలు రెండూ సమంగా ఉన్నాయి. కుడి మోచెయ్యి తోలంతా కంకర మీద లేచిపోయింది. ఎడమ చెవి పైన నాలుగు వేళ్ళ పొడుగున చర్మం చీలింది. మొదటి దెబ్బకి హెల్మెట్ డిప్ప నేరుగా తలని కొట్టిందట, మధ్యలో ఆపే బెండు లేక. పట్టీ తెగి, రెండో దెబ్బకి హెల్మెట్టే తల మీద లేదు. అదృష్టం ఏమిటంటే రెండో దెబ్బ గడ్డి మీద పడింది.

ఊళ్ళో వార్త నడిచినంత వేగంగా ఉల్కాన్ నడవలేదు. ఐనా ఆమె వచ్చేసరికి కుట్లు ఇంకా పూర్తి కాలేదు. ట్రక్కువాళ్ళు ఇచ్చిన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూలబడింది. పక్క నుంచి పై దాకా డిప్ప చీలి ఉంది. ఆమె ఆ చీలిక మీద చెయ్యి వేసి నిమురుతూ, "చూశావా, వాళ్ళ నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ కాసిని కుట్లతో పోయింది," అంది. కన్నీళ్ళు కారుతున్నాయి, పెదాలు ప్రార్థన చేస్తున్నాయి.

గుల్సున్ ఏడో కుట్టు వేస్తోంది. సూది ఒక్క క్షణం ఆగింది. పన్నెండేళ్ళ కాపురంలో అత్తగారి మీద ఆమెకు కోపం చాలాసార్లు వచ్చింది, కానీ ఇలాంటి అలసట ఎప్పుడూ రాలేదు. కోపమైతే ఎక్కడో ఒకచోట చల్లారుతుంది. ఎనిమిదో కుట్టు వేసింది, తొమ్మిదోది వేసింది, దారం కత్తిరించింది. కట్టు కట్టడం అయ్యాక మాత్రం మొగుడి తలని రెండు చేతుల మధ్య అలాగే పట్టుకుంది.

మర్నాడు పొద్దున గుల్సున్ పాలు పితికి వచ్చేసరికి తాలాయ్ బట్టలు వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. పైన సగం మందకి టీకాలు పడలేదు, మందు పాడైపోతుంది, సాయంత్రానికల్లా వచ్చేస్తానన్నాడు. పక్క ఊరి నుంచి సాయం పిలవమంటే, వాళ్ళకి మందలు తెలియవన్నాడు. బండికి దెబ్బ తగల్లేదు, ట్రక్కువాళ్ళు రాత్రే దించి వెళ్ళారు. ఉల్కాన్ అప్పటికే చీలిన హెల్మెట్‌కి ఇంకో తోలుముక్క కుట్టి, చీలిక మీద నల్లటి టేపు చుట్టి, ఒళ్ళో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. కట్టు మీదికి పట్టేలా లోపల మిగిలిన కాస్త బెండూ గోకేసిందట. ఒళ్ళో గుప్పెడు పొడి ఉంది.

ఆ పొడి చూశాక గుల్సున్‌కి ఏమైందో ఆమెకే తెలియదు. పాలబాల్చీ కింద పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎనిమిది రోజులు బండి ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పింది. ఆ తర్వాతైనా ఆ హెల్మెట్‌తో వెళ్ళడానికి వీల్లేదని చెప్పింది. గొంతు పెంచలేదు.

ఉల్కాన్ ముఖం ఎర్రబడింది. "నా కొడుక్కి వాళ్ళ నాన్న దీవెన అక్కర్లేదంటావు. చదువుకున్నదానివి, మా నమ్మకాలు నీకు మురికిబట్టలు."

"అలా నేనెప్పుడూ అనలేదు, అత్తయ్యా."

"అనకపోతే మాత్రం? నిన్న వాణ్ణి బతికించింది ఏది? నీ పెట్టెలో ఉన్నదా?"

తాలాయ్ మధ్యలోకి వచ్చి పోనీలెమ్మా అన్నాడు. పోనీలెమ్మా అన్న ఆ మాట ఎవరికి చెప్పాడో అతనికే తెలియదు. తల్లికీ పెళ్ళానికీ సగం సగం చెప్పినట్టుంది. గుల్సున్ అతని వైపు తిరిగింది.

"మీరు ఇవాళైనా అటూ ఇటూ చూడకండి. నేను అలిసిపోయానండీ. మంచు కరిగినప్పటి నుంచి పద్నాలుగు తలలు కుట్టాను. పద్నాలుగూ ఎవరివో అనుకున్నాను, ఇంటికొచ్చి అన్నం తిన్నాను, పడుకున్నాను. నిన్న పదిహేనోది మీది. మళ్ళీ మీరు ఆ బల్ల మీద పడుకుంటే నా చేతులు లేవవు. నేను కుట్టలేను. ఇంకెవరూ లేరు ఈ ఊళ్ళో." ఆమె ఊపిరి తీసుకుంది. "నాకు మీ నాన్నగారి దీవెన కావాలి. మీరు కూడా కావాలి."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పాకలోంచి అయ్‌పెరీ కోళ్ళని అదిలిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఉల్కాన్ ఓడిపోవడం తెలియని మనిషి. గొంతు తగ్గించింది గానీ మాట ఆపలేదు. మొగుడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం పడలేదనుకున్నావా అంది. పెద్ద కనుమ మీద, మంచులో, దూడ అడ్డం తిరిగిన ఆవు కోసం వెళ్తూ పడ్డాడు. బండి ఒకచోట, మనిషి ఒకచోట. రాయికి తల కొట్టుకుంటే ఆ చప్పుడు కింద గుడిసెలోవాళ్ళకి వినిపించిందట. లేచి, మంచు దులుపుకుని, వెళ్ళి దూడని బయటికి తీసి మరీ ఇంటికొచ్చాడు. తలకి గీత కూడా పడలేదు. "హెల్మెట్టే కాపాడింది ఆయన్ని," అంది.

"ఇదేనా అత్తయ్యా?" అని అడిగింది గుల్సున్. ఎత్తిపొడవాలని కాదు. ఇంత పెద్ద దెబ్బ తిన్న గుర్తు దాని మీద ఎక్కడా లేదే అనిపించి, ఊరికే అడిగింది.

"ఇది కాదు, దీనికి ముందుది. దాన్ని ఆయన మర్నాడే..."

ఉల్కాన్ అక్కడ ఆగిపోయింది. చెయ్యి హెల్మెట్ మీద అలాగే ఉండిపోయింది.

"మర్నాడే ఏం చేశాడమ్మా?" అన్నాడు తాలాయ్.

అప్పుడే అయ్‌పెరీ గౌను ఒడిలో నాలుగు గుడ్లు పట్టుకుని లోపలికి వచ్చి, పెద్దవాళ్ళ ముఖాలు చూసి గోడకి ఆనుకుని నిలబడింది. ముసలమ్మ ఆ గుడ్ల వైపు చూసింది. ఆ ఇంటి పెట్టలు గడ్డి బుట్టల్లో గుడ్లు పెట్టవు. పాక మూల ఆకుపచ్చ డిప్ప ఒకటి బోర్లించకుండా పడి ఉంటుంది, దాన్లోనే పెడతాయి. ఉల్కానే దాంట్లో ఏడాదికోసారి గడ్డి మారుస్తుంది. ఆ పిల్ల పుట్టకముందు నుంచి, ఆ పిల్ల తండ్రి బడికి వెళ్ళే రోజుల నుంచి అది అక్కడే ఉంది.

"కోళ్ళకిచ్చాడు," అంది చివరికి. "పైకి బాగానే ఉంది కదా, ఇంకొన్నాళ్ళు వాడుకోకూడదా అన్నాను. వినలేదు. 'నేను తినాల్సిన దెబ్బ అది తినేసింది. ఇంకోటి కూడా తినమని అడగడం తప్పు' అన్నాడు. ఆ వారమే రాజధాని వెళ్ళి ఇది తెచ్చుకున్నాడు."

ఒళ్ళో పొడిని ఆమె వేలితో ఒక పక్కకి చేర్చింది. తన చేత్తో గోకిన పొడి అది.

"నేను మళ్ళీ ఇదే పెట్టి పంపేదాన్ని," అంది. "నా చేత్తో."

గుల్సున్ దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. ఉల్కాన్ ఆమె వైపు చూడలేదు. హెల్మెట్‌ని రెండు చేతులతో ఎత్తి నుదుటికి ఆనించుకుంది. తర్వాత కోడలి భుజం పట్టుకుని లేచి, ఎవరినీ రావద్దని, పట్టేసిన మోకాళ్ళతో మెల్లగా పాక దాకా నడిచింది. కిటికీలోంచి చూస్తే కనిపించింది. ఆకుపచ్చ డిప్ప పక్కన గులాబీ డిప్పని పెట్టి, లోపల గడ్డి పరిచి, చేత్తో అదిమి, కాసేపు అక్కడే నిలబడింది. ఏదో మాట్లాడినట్టుంది, కోళ్ళతోనో మొగుడితోనో.

వచ్చాక ఎప్పటిలా ఇంటి పెద్దలు కూర్చునే చోట, పరుపుల దొంతర ముందు కూర్చుంది. ముఖం కడుక్కున్నట్టుంది. "మీ నాన్న ఆయుష్షు నిన్న నీకు ఖర్చయిపోయిందిరా," అంది కొడుకుతో. "ఇక నాదే ఉంది. ఆ కొత్తది ఇలా తెండి."

తాలాయ్‌కి అర్థం కాలేదు. గుల్సున్‌కి అర్థమైంది. పెట్టె తెరిచి, కాగితాలు తీసి, నల్లటి హెల్మెట్ అత్తగారి చేతిలో పెట్టింది. ఉల్కాన్ దాన్ని తిప్పి చూసింది, లోపల బొటనవేలితో నొక్కింది. వేలు తీయగానే మెత్త మళ్ళీ పైకి లేచింది. ఒప్పుకున్నట్టు గొణిగింది. తెల్ల తలగుడ్డ కాస్త వదులు చేసుకుని, హెల్మెట్ తల మీద పెట్టుకుంది.

"ఈ పట్టీ నా వేళ్ళకి రావట్లేదు. నువ్వు పెట్టమ్మా."

గుల్సున్ వంగింది. గడ్డం కింద ముడతల మధ్య పట్టీ సర్ది, చర్మం నొక్కుకోకుండా తన వేలు అడ్డం పెట్టి బిగించింది. అంత దగ్గరగా అత్తగారి ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది. రాత్రంతా ఈవిడ కూడా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది. నిన్న సూది పట్టుకున్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆపుకోలేదు. ఉల్కాన్ హెల్మెట్‌తోనే తల ఊపుతూ కోడలి వీపు నిమిరింది.

"టీ పొయ్యమ్మా," అంది తర్వాత. "డెబ్బై తొమ్మిదేళ్ళు ఎక్కాలి దీనికి. ఒక్క పూటలో అవుతుందా?"

అయ్‌పెరీ ఫక్కున నవ్వింది. తాలాయ్ కట్టు కట్టిన తల పట్టుకుని, నవ్వితే కుట్లు లాగుతున్నాయంటూనే నవ్వాడు. పక్క ఊరికి ఫోన్ చేసి, పైన మిగిలిన మందకి వాళ్ళ చేతే టీకాలు వేయించాడు. ఎవరి వైపూ చూడకుండా ఆ ఫోన్ తనే చేశాడు.

ఆ ఎనిమిది రోజులూ ఉల్కాన్ పొద్దుటి టీ హెల్మెట్ పెట్టుకునే తాగింది. ఎండ బాగుంటే ఇంటి ముందు బల్ల మీద కూర్చునేది. అటుగా పోయే ఆడవాళ్ళు, ఏం వదినా, బండి నేర్చుకుంటున్నావా అని ఆట పట్టించారు. పాలకి తోడు వేసినట్టు దీనికి ఆయుష్షు తోడు వేస్తున్నాను, కదిలించకండి అనేది. గుల్సున్ ఆరోగ్య కేంద్రానికి వెళ్తూ ఆగి, పట్టీ మరీ బిగుతుగా లేదు కదా అని చూసి వెళ్ళేది.

కుట్లు విప్పిన మర్నాడు తాలాయ్ మళ్ళీ బండి తీశాడు. జాకెట్టుని గొర్రెపిల్ల దగ్గర్నుంచి బతిమాలి తీసుకుని ఉతికారు, కొద్దిగా వాసన మిగిలింది. మోకాళ్ళ కవచాలు అయ్‌పెరీ అరువు ఇచ్చింది, సాయంత్రానికల్లా తిరిగివ్వాలని ఒట్టు వేయించుకుంది. హెల్మెట్ ఉల్కాన్ తన చేత్తో కొడుక్కి అందించింది. లోపల మెత్తకి పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. గుల్సున్ దాన్ని తియ్యబోయి, అత్తగారి వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడు ముసలమ్మ హెల్మెట్ లేక బోసిపోయిన తన తలని తడుముకుంది.

"నువ్వు మళ్ళీ బిష్కెక్ ఎప్పుడెళ్తావు?"

"వచ్చే నెలలో, అత్తయ్యా. మందులు తేవాలి."

"నీకొకటీ, పిల్లకొకటీ కూడా తీసుకురా. వాడి వెనక మీరూ ఎక్కుతారుగా." ఆమె మోకాలు పట్టుకుని మెల్లగా గుమ్మంలో కూర్చుంది. "నాకు తల ఒక్కటే ఉంది, రెండూ ఒకేసారి పెట్టుకోలేను, ఒకదాని తర్వాత ఒకటి తోడు వెయ్యాలి. వచ్చే నెల దాకా ఎందుకు, ఈ వారమే వెళ్ళు."